మూడున్నర శ్రుతి

అమెరికాలో, అరోరా ఊళ్ళో ఉండే పద్మజకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. గట్టిగా మాట్లాడుతున్నంతసేపు ఎవరికీ ప్రమాదం లేదు. నెమ్మదిగా, మర్యాదగా, "పరవాలేదండీ" అని నవ్విందంటే మాత్రం ఎవరికో మూడినట్టే. ఆ సంగతి ఆమె భర్త రామమోహన్‌కి తెలుసు. శశికాంత్‌కి తెలియదు. తెలిసి ఉంటే ఈ కథ ఇంకోలా నడిచేది.

ఉద్యోగం కూడా ఆమె స్వభావానికి సరిపోయిందే దొరికింది. షామ్‌బర్గ్‌లో ఒక ఇన్సూరెన్సు కంపెనీలో టెస్టర్. ఎవరో రాసిన ప్రోగ్రాముని ముందు పెట్టుకుని, ఇది ఎక్కడ నొక్కితే విరుగుతుందా అని రోజంతా వెతకడమే పని. పదహారేళ్ళుగా అదే పని, అదే హెచ్-1బి వీసా, అదే గ్రీన్ కార్డు వరస. ఆ వరసలో ఆమె ముందు ఎంతమంది ఉన్నారో దేవుడికి కూడా లెక్క దొరికినట్టు లేదు.

శని, ఆదివారాలు మాత్రం ఆమె టెస్టర్ కాదు, ఊరందరికీ కీబోర్డు పద్మజ. చిన్నప్పుడు తెనాలిలో హార్మోనియం నేర్చుకున్న చెయ్యి. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో పాడేవాళ్ళకి కొదవ లేదు, వాయించేవాళ్ళకే కరువు. సత్యనారాయణ వ్రతమైనా, పుట్టినరోజైనా, తెలుగు సంఘం వాళ్ళ ఉగాది సభైనా ముందు ఆమెకే ఫోను. "పద్మజగారూ, నాది ఐదున్నర శ్రుతి. నిన్నట్నుంచి జలుబు, ఐదుకి దించుతారా?" అని ఒకావిడ. "నాది ఒకటిన్నరే, కానీ మా ఆవిడతో కలిసి పాడతాను, ఏం చెయ్యమంటారు?" అని ఒకాయన. "ఆవిణ్ణి పాడనివ్వండి" అనాలనిపించేది, అనేది కాదు.

శ్రుతికి ఈ అంకెలేమిటో తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. హార్మోనియం మీద తెల్ల మెట్లు ఏడు, వాటికి ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు. మధ్యలో నల్ల మెట్లు అరలు. ఒకటికీ రెండుకీ మధ్యది ఒకటిన్నర, అలా. మూడుకీ నాలుగుకీ మధ్య నల్ల మెట్టు లేదు. అందుకని మూడున్నర శ్రుతి అనేది ఈ లోకంలో లేదు. వారం రోజులు హార్మోనియం ముందు కూర్చున్న పిల్లాడికైనా ఇది తెలుసు.

పాట వెనకాల కీబోర్డు మీద మూడేసి మెట్లు కలిపి నొక్కే గుత్తుల్ని కార్డులంటారు. పాడేవాళ్ళ శ్రుతి మారిన ప్రతిసారీ ఆ గుత్తులన్నీ మార్చుకోవాలి. దానికి ఫోన్లలో యాప్‌లు చాలానే ఉన్నాయి కానీ, అవన్నీ సి, డి, ఇ అంటూ తెల్లవాళ్ళ అక్షరాల్లో అడుగుతాయి. మనవాళ్ళేమో అంకెల్లో చెప్తారు. ఈ రెంటి మధ్యా నలిగి నలిగి, చివరికి పద్మజే ఒక యాప్ రాసింది. పాట ఎంచుకుని "ఐదున్నర" అని నొక్కితే చాలు, సాహిత్యం కింద కార్డులన్నీ ఆ శ్రుతిలో వరసగా వచ్చి కూర్చుంటాయి. దానికి తోడుశ్రుతి అని పేరు పెట్టింది.

రాయడానికి రెండేళ్ళు పట్టింది. కూతురు సాన్వి ఈత క్లాసులో ఉన్న గంటన్నరసేపు, పార్కింగ్ లాట్‌లో కారు సీటు వెనక్కి జరుపుకుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని రాసేది. నాలుగువందల పన్నెండు పాటలకి చెవితో విని, ఒక్కొక్క కార్డూ తనే పట్టుకుంది. తప్పుందేమోనని అనుమానం వస్తే స్నేహితురాలు శ్రీవిద్య చేత పాడించుకునేది.

శ్రీవిద్యది కరీంనగర్. అరోరాలోనే మందుల షాపులో ఫార్మసిస్టు. ఒకప్పుడు ఆమె గొంతు ఆరు శ్రుతిలో అలవోకగా పలికేది. మెడలో థైరాయిడ్ ఆపరేషను అయ్యాక మాటే సరిగ్గా రాలేదు కొన్ని నెలలు. పాట ఇంక లేదనుకుని ఏడ్చింది. పద్మజ ప్రతి ఆదివారం ఆమె ఇంటికెళ్ళి, ఒక్కొక్క మెట్టూ దింపుకుంటూ, ఎక్కడ ఆ గొంతు నొప్పిలేకుండా నిలబడుతుందో వెతికింది. చివరికి ఐదు దగ్గర నిలబడింది. ఆ రోజు ఇద్దరూ కలిసి టీలో బిస్కట్లు ముంచుకుని తిని, కళ్ళు తుడుచుకున్నారు.

యాప్ తయారయ్యాక ధర గొడవ వచ్చింది. పద్మజ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని ముగ్గురు తేల్చిన విషయం అది. మూడోవాడే శశికాంత్. సంఘానికి సాంస్కృతిక కార్యదర్శి. పదేళ్ళ క్రితమే సిటిజన్ అయ్యాడు. వారాంతాల్లో ఆర్కెస్ట్రా నడుపుతాడు, కీబోర్డు ముందు తనే నుంచుంటాడు. వాయించడం కంటే నుంచోవడం బాగా వచ్చు. పద్మజని "అక్కా" అని నోరారా పిలుస్తాడు.

"ఫ్రీగా ఇచ్చేయ్ పద్మా, పుణ్యం ఉంటుంది" అన్నాడు రామమోహన్.

"రెండేళ్ళు కార్లో కూర్చుని నడుం పోగొట్టుకున్నానండీ. మూడు డాలర్లయినా పెట్టాలి. ఒకసారి కొంటే ఎప్పటికీ వాళ్ళదే" అంది పద్మజ.

శశికాంత్ గారె తుంచి నోట్లో వేసుకుని నవ్వాడు. "అక్కా, మీకు మనవాళ్ళు తెలీదు. ఫ్రీ అంటే డౌన్‌లోడ్ చేసి ఓపెన్ చెయ్యరు. మూడు డాలర్లంటే, రెండుకి ఇవ్వరా అంటారు. ఏడాదికి నలభై తొమ్మిదని పెట్టండి, ఏదో పెద్ద ప్రోడక్ట్ అనుకుని సైలెంట్‌గా కొంటారు."

"నలభై తొమ్మిదా! సిగ్గుండాలి."

"సిగ్గు వేరు అక్కా, ప్రైసింగ్ వేరు."

అసలు చిక్కు ధర దగ్గర కాదు, అమ్మడం దగ్గర. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు కంపెనీ జీతం తప్ప పక్కన ఒక్క డాలరు సంపాదించినా వీసాకి ముప్పని లాయరు ఖచ్చితంగా చెప్పాడు. రామమోహన్‌దీ అదే వీసా. సొంత యాప్‌కి ధర కట్టే హక్కు కూడా ఆ ఇంట్లో ఎవరికీ లేదు. పద్మజకి ఆ రోజు ఆ లాయరు మీద, వీసా మీద, గారెల మీద కూడా కోపం వచ్చింది.

"నా అకౌంట్‌లో పెడదాం అక్కా. మీ గ్రీన్ కార్డ్ వచ్చిన రోజు మీ పేరు మీదకి ట్రాన్స్‌ఫర్ చేసేస్తా" అన్నాడు శశికాంత్.

పద్మజ గారెల పళ్ళెం అతని వైపు జరిపింది. "డబ్బు నాకొద్దు శశీ. ఎంత పెట్టుకుంటావో నీ ఇష్టం. ఒక్కటే అడుగుతున్నా. ఉగాదికి స్టేజీ మీద, మైకులో, అందరి ముందూ చెప్పాలి, ఇది పద్మజ చేసిందని. నా పేరు వినపడాలి. అంతే."

"అదెంత పని అక్కా!" అన్నాడు. ఇంకో గారె తీసుకున్నాడు.

ఉగాది వచ్చింది. హైస్కూలు ఆడిటోరియంలో ఏడువందల మంది. పద్మజ కంచిపట్టు చీర కట్టుకుని మూడో వరసలో కూర్చుంది. రామమోహన్ ఫోను పట్టుకుని వీడియో తీయడానికి సిద్ధంగా ఉన్నాడు. సంఘం అధ్యక్షుడు మైకు తీసుకుని, మన శశికాంత్ ఎంతో శ్రమపడి తయారుచేసిన తోడుశ్రుతి యాప్ అమెరికాలో తెలుగు సంగీతానికి గొప్ప సేవ అని చెప్పి, అతనికి శాలువా కప్పాడు. శశికాంత్ కళ్ళు ఒత్తుకున్నాడు. ఎన్నో నిద్రలేని రాత్రుల ఫలితమన్నాడు. భార్యకి థాంక్స్ చెప్పాడు, తల్లిదండ్రులకి చెప్పాడు, క్యాటరింగ్ ఆయనకి కూడా చెప్పాడు. చివరికి, "టెస్టింగ్‌లో హెల్ప్ చేసిన మన లేడీస్ అందరికీ కూడా" అని చెయ్యి గాల్లో ఊపాడు.

రామమోహన్ వీడియో ఆపేశాడు. పద్మజ చప్పట్లు కొట్టింది. పక్కనున్నావిడ, "మీరు కూడా టెస్టింగ్ చేశారా?" అని అడిగితే, "అవునండీ, కొంచెం" అంది.

మర్నాడు శశికాంత్‌కి ఫోను చేసింది.

"అయ్యో అక్కా, మీ మంచికే చెప్పలేదు. యాప్‌కి డబ్బులొస్తున్నాయి కదా. మీ పేరు మైకులో చెప్తే, ఎవడైనా రిపోర్ట్ చేస్తే, హెచ్-1బి వయొలేషన్ అంటారు. పదహారేళ్ళు వెయిట్ చేసింది పోతుంది. మీరు కూడా ఎక్కడా చెప్పకండి. రిస్క్ మీకే" అన్నాడు శశికాంత్. గొంతులో ఎంత జాలో.

పద్మజ గొంతు తగ్గింది. "పరవాలేదు శశీ" అని ఫోను పెట్టేసింది.

దొంగతనం చేస్తే చేశాడు. దొంగిలించినదాన్ని ఆమె భయంతోనే మూటకట్టి, ఆ మూట ఆమె చేతే కాపలా కాయిస్తున్నాడు. అది భరించలేకపోయింది. ఆ రోజునుంచి ఆమెకి అన్నం తింటున్నా అదే ధ్యాస, హైవే మీద కారు నడుపుతున్నా అదే ధ్యాస. వాణ్ణి అదే స్టేజీ మీద, అదే ఏడువందల మంది ముందు నవ్వులపాలు చెయ్యాలి. నిజం చెప్పే దారి వాడే మూసేశాడు. కాబట్టి నోరెత్తకుండానే చెయ్యాలి. ఆమె మనసులో ఉన్నది న్యాయం కాదు, పగ. ఆ మాట ఆమె రామమోహన్‌తో సూటిగానే అంది.

"వదిలేయ్ పద్మా. వాడి పాపాన వాడే పోతాడు" అన్నాడు రామమోహన్.

"పోడు. ఎవరో ఒకరు తొయ్యాలి" అంది పద్మజ.

దారి శశికాంతే చూపించాడు. మరుసటి ఉగాదికి రెండు నెలల ముందు, యాప్ ఎలా వాడాలో చెప్తూ అతనొక వీడియో పెట్టాడు. అందులో మెట్లు చూపిస్తూ, "ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర, మూడు, మూడున్నర" అంటూ చక్కగా చదువుకుంటూ పోయాడు. వేలు ఏ మెట్టు మీద ఉందో చూసుకోలేదు. పద్మజ వీడియో వెనక్కి తిప్పి మూడుసార్లు చూసింది. ఇరవయ్యేళ్ళు కీబోర్డు ముందు నుంచున్న మనిషికి మూడున్నర లేదని తెలియదు! తెర మీద ఏది కనపడితే అది నొక్కడం, శ్రుతి మార్చాలంటే బటన్ నొక్కడం, అంతే వాయిద్యం. పద్మజ ఆ సాయంత్రం చాలా రోజుల తర్వాత పాట పాడుకుంటూ వంట చేసింది.

కొత్త సదుపాయం కావాలని అడిగే వీలు ఏడాదికి నలభై తొమ్మిది డాలర్లు కట్టినవాళ్ళకే పెట్టాడు శశికాంత్. తను రాసిన యాప్‌కి తనే నలభై తొమ్మిది కట్టాల్సొచ్చింది. గిఫ్టు కార్డు కొని, మారుపేరుతో కొత్త ఈమెయిల్ తెరిచి, పళ్ళు నూరుకుంటూ కట్టింది. ఉగాది ఇంకా రెండు వారాలు ఉందనగా ఉత్తరం రాసింది: "నమస్కారమండీ. మీ యాప్ అద్భుతం. మా గురువుగారు మూడున్నర శ్రుతిలో పాడతారు. మీ లిస్టులో మూడు తర్వాత నాలుగు వచ్చేసింది. మూడున్నర మర్చిపోయినట్టున్నారు. దయచేసి చేర్చగలరు. మనీషా, ఫ్రీమాంట్."

వాడికి ఏమాత్రం సంగీతం తెలిసినా ఆ ఉత్తరం చూసి పడీపడీ నవ్వుతాడు, తన నలభై తొమ్మిదీ గంగలో కలుస్తుంది, అంతేగా అనుకుంది. ఐదు నిమిషాల్లో జవాబొచ్చింది. "గ్రేట్ క్యాచ్ మనీషా గారూ! ఇంతమంది యూజర్స్‌లో మీరొక్కరే గమనించారు. నెక్స్ట్ అప్‌డేట్‌లో తప్పకుండా."

అప్‌డేట్ ఉగాది శనివారమనగా గురువారం వచ్చింది. ఎవరో కుర్ర ప్రోగ్రామరుకి డబ్బులిచ్చి చేయించినట్టున్నాడు. సంఘం వాట్సాప్ గ్రూపులో, ప్రపంచంలోనే మొట్టమొదటిసారిగా మూడున్నర శ్రుతి ఉన్న యాప్ అని ప్రకటించుకున్నాడు. ఈశ్వరయ్యగారని మృదంగం వాయించే పెద్దాయన ఒకాయన, "బాబూ, మూడున్నర ఉండదు" అని రాశారు. "పాత పద్ధతిలో లేదు అంకుల్, ఇది మోడర్న్" అని శశికాంత్ జవాబు. దాని కింద పాతికమంది బొటనవేళ్ళు పైకెత్తారు. ఈశ్వరయ్యగారు మళ్ళీ మాట్లాడలేదు.

పద్మజ ఆఫీసులో కాఫీ తెచ్చుకుని, తలుపు దగ్గరగా వేసి, యాప్ తెరిచింది. తన ప్రోగ్రాములో పన్నెండు శ్రుతులూ వరసలో నిలబడి ఉంటాయి. ఎన్నోదో లెక్కపెట్టి, కార్డుల్ని అన్ని మెట్లు జరుపుతుంది యాప్. ఆ వరస మధ్యలో దొంగ శ్రుతి ఒకటి దూరితే, దాని వెనకున్నవన్నీ ఒక్కో మెట్టు పైకి జరుగుతాయి. అనుకున్నట్టే జరిగాయి. మగవాళ్ళు పాడే ఒకటి, ఒకటిన్నర, రెండు చెక్కుచెదరలేదు. ఆడవాళ్ళు పాడే ఐదు, ఐదున్నర, ఆరు మొత్తం తప్పు. పద్మజ అన్నీ పరీక్షించి చూసింది, ఎవరికీ రిపోర్టు రాయలేదు. ఉద్యోగంలో చేరాక తప్పు కనిపెట్టి రాయకుండా వదిలెయ్యడం అదే మొదటిసారి.

శనివారం మధ్యాహ్నం ఆడిటోరియం నిండిపోయింది. పద్మజ మళ్ళీ ఆ కంచిపట్టు చీరే కట్టుకుని, మళ్ళీ మూడో వరసలోనే కూర్చుంది. ఎవరు పాడతారో ఆమెకి పట్టలేదు. ఏ ఆడమనిషి పాడినా కీబోర్డు ఒకచోట, గొంతు ఒకచోట ఉంటాయి. చెవి ఉన్నవాడైతే ఆ క్షణంలో సర్దుకుంటాడు. వీడికి చెవి లేదు. అందరి ముందూ చెమటలు కక్కుతాడు. ఆ దృశ్యం ఆమె ఎన్నిసార్లు ఊహించుకుందంటే, అప్పటికే ఒకసారి జరిగిపోయినట్టుంది.

అప్పుడు రామమోహన్ కార్యక్రమం కాగితం ఆమె చేతికిచ్చాడు. ప్రార్థన, మగవాళ్ళ బృందగానం. తర్వాత అధ్యక్షుడి మాటలు. తర్వాత ఒక డాక్టరుగారి పాట. నాలుగోది: శ్రీవిద్య.

పద్మజ తల తిప్పి చూసింది. స్టేజీ పక్క మెట్ల దగ్గర శ్రీవిద్య ఆకుపచ్చ చీరలో నుంచుని, ఆమెకే చెయ్యి ఊపుతోంది. పద్మజ లేచి పరుగులాంటి నడకతో వెళ్ళింది.

"పాడనన్నావుగా ఈ ఏడాది!"

"నీకు చెప్పకుండ ఉంచిన. సర్‌ప్రైజ్" అని శ్రీవిద్య ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. "రెండేండ్లయింది స్టేజ్ ఎక్కి. బుగులైతుంది పద్మా. ఐదే చెప్పిన, నువ్వు పెట్టిన శ్రుతే."

"రిహార్సల్ చేశారా?"

"యాడ చేసిన్రు! యాప్ ఉండంగ రిహార్సల్ ఎందుకన్నడు శశికాంత్."

ప్రార్థన మొదలైంది. పద్మజ దగ్గర సమయం ఉంది. శశికాంత్ దగ్గరికెళ్ళి, ఐదు వద్దు, నాలుగున్నర నొక్కు అని ఒక్క ముక్క చెవిలో వేస్తే చాలు. తప్పు ఒక మెట్టు పైకి జరిపింది కాబట్టి, ఒక మెట్టు కింద నొక్కితే సరిపోతుంది. ఈ రెండు మాటల వల్ల శ్రీవిద్య పాట నిలబడుతుంది. పగ ఇంకో పాటతో తీర్చుకోవచ్చు. నిజంగానే వెళ్ళింది. అధ్యక్షుడు మాట్లాడుతున్నంతసేపూ శశికాంత్ స్టేజీ పక్కన నుంచుని ఎవరితోనో నవ్వుతున్నాడు. మెడలో కొత్త కండువా.

"శశీ, ఒక్క నిమిషం. శ్రీవిద్య పాటకి..."

"అక్కా, తర్వాత, తర్వాత." ఆమె ముఖం కూడా చూడకుండా అరచెయ్యి అడ్డం పెట్టాడు. "లేడీస్ అందరూ కూర్చోవాలండీ ప్లీజ్, స్టేజ్ దగ్గర క్రౌడ్ వద్దు."

పద్మజ అక్కడే నుంచుంది. ఇంకోసారి అనొచ్చు. చెయ్యి పట్టుకుని లాగి చెప్పొచ్చు. శ్రీవిద్యకే వెళ్ళి, శ్రుతి నాలుగున్నర అని వాడికి చెప్పు అనొచ్చు. ఇవన్నీ ఆమెకి తోచాయి. వాటన్నిటికంటే ఆ అడ్డం పెట్టిన అరచెయ్యి పెద్దగా కనపడింది. లేడీస్ అట! సరే, అలాగే కూర్చుంటాను అనుకుంది. వచ్చి మూడో వరసలో కూర్చుంది.

డాక్టరుగారు రెండు శ్రుతిలో బాగానే పాడారు. తర్వాత శ్రీవిద్య వచ్చి మైకు ముందు నుంచుంది. శ్రుతిపెట్టె ఐదులో మోగుతోంది. వేణువు వాయించేది వేదాంత్ అని ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రాడు, ఉద్యోగం చేసుకుంటున్నాడు. అతను ఐదు శ్రుతి వేణువుతో మొదలుపెట్టాడు, హాయిగా ఉంది. అప్పుడు శశికాంత్ టాబ్లెట్ వైపు చూసి రెండు చేతులా కార్డు నొక్కాడు.

చెవులున్నవాళ్ళందరూ ఒక్కసారి ముఖం చిట్లించారు. వేదాంత్ ఆగిపోయాడు. శ్రీవిద్య తడబడింది. అందరికంటే గట్టిగా మోగుతున్నది కీబోర్డే కాబట్టి గొంతు దాని వైపు లాక్కుంది. ఆపరేషను అయిన గొంతుకి ఆ ఒక్క మెట్టే చాలా ఎక్కువ. చరణంలో పైకి వెళ్ళేచోట స్వరం చీలి, గాలి మాత్రమే వచ్చింది.

"వేదాంత్, ఫ్లూట్ మార్చు!" అన్నాడు శశికాంత్.

"అంకుల్, ఇది ఫైవ్. శ్రుతిబాక్స్ కూడా ఫైవ్. మీరు డిఫరెంట్ ఉన్నారు."

"నాకు యాప్ చూపిస్తోందయ్యా! అమ్మా, మళ్ళీ స్టార్ట్ చెయ్యండి."

మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి ఇంకా ఘోరం. వెనక వరసల్లో ఎవరో నవ్వారు. నవ్వింది శశికాంత్‌ని చూసి కాదు. శ్రీవిద్య మెడ మీది మచ్చని చేత్తో కప్పుకుని నుంచుంది. ఇరవై ఏళ్ళ కీబోర్డు వీరుణ్ణి చూసి ఎవరూ నవ్వడం లేదు, పాపం పాడలేకపోతోందని ఆమె వైపే జాలిగా చూస్తున్నారు. ఏడాదిపాటు నూరిన కత్తి ఎవరికి దిగిందో పద్మజ కూర్చున్నచోటి నుంచే చూసింది.

శశికాంత్ మైకు తీసుకున్నాడు. చెమటలు కక్కడం లేదు. తేరుకున్న మొహంతో, చక్కగా నవ్వుతూ మాట్లాడాడు.

"అండీ, ఒక్క నిమిషం. నేను ట్రాన్స్‌పరెంట్‌గా చెప్తున్నా. సింగర్ తప్పు లేదు, నా తప్పూ లేదు. ఇది యాప్‌లో బగ్. నిజానికి ఈ యాప్ కోడింగ్ నేను చేసింది కాదండీ. మన పద్మజక్క చేశారు. ఫస్ట్ లైన్ నుంచి లాస్ట్ లైన్ దాకా మొత్తం పద్మజక్కే. అక్కా, ఎక్కడున్నారు? అదిగో, థర్డ్ రో. లేచి నిలబడండి అక్కా!"

పద్మజ లేచి నిలబడింది. ఏడువందల తలలు అటు తిరిగాయి.

"మిస్టేక్స్ ఎవరమైనా చేస్తాం కదండీ. అక్కకి గట్టిగా చప్పట్లు!"

అందరూ కొట్టారు. పెద్దమనసుతో, క్షమించేసి, గట్టిగా కొట్టారు. తన పేరు మైకులో వినపడితే ఎలా ఉంటుందోనని ఆమె ఏడాదికి పైగా అనుకుంటోంది. ఇలా ఉంటుందన్నమాట. తప్పు నాది కాదు, మూడున్నర వాడు పెట్టాడు అని అరవాలనుంది. పెట్టించిందెవరు? ఆ ప్రశ్న దగ్గర నోరు మూతపడింది.

రామమోహన్ ఆమె కొంగు పట్టుకున్నాడు. విడిపించుకుని స్టేజీ ఎక్కింది. శశికాంత్ బతికిపోయినట్టు పక్కకి తప్పుకుని, కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె టాబ్లెట్‌ని బోర్లా తిప్పి పెట్టి, ఐదు శ్రుతిలో మెల్లగా ఒక కార్డు పట్టింది. శ్రుతిపెట్టెతో అది హత్తుకుపోయింది. హాలంతా హమ్మయ్య అనుకున్నట్టు సద్దుమణిగింది. పద్మజ కళ్ళెత్తి, పాడు అన్నట్టు శ్రీవిద్య వైపు తల ఊపింది.

శ్రీవిద్య పాడలేదు. దగ్గరికొచ్చి, కీబోర్డు మీదికి వంగి, అక్కడున్న మైకుని అరచేత్తో మూసింది.

"నువ్వు ఏదైనా నూరుసార్లు టెస్ట్ చేస్తవు. నీకు ముందే ఎరుకనా?"

అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం ఉంది. పద్మజ చెప్పలేకపోయింది. "తెలుసు."

"ఎప్పటి సంది?"

"గురువారం నుంచి."

"నేను పాడుతున్నట్టు?"

"అది ఇందాకే తెలిసింది. కాగితంలో చూశాను. చెబుదామనే వచ్చాను శ్రీవిద్యా, వాడు నన్ను..."

"వాడు కాదు. నాకెందుకు చెప్పలేదు? నేను మెట్ల కాడ్నే ఉన్న గద. నీ చెయ్యి పట్టుకోనే ఉన్న."

శ్రీవిద్య ఒక్క క్షణం కీబోర్డు మీదున్న పద్మజ చేతుల వైపు చూసింది. ఏడవలేదు, కసరలేదు. "చేతులు తియ్యి పద్మా" అంది. అంతే.

వెళ్ళి మైకు ముందు నుంచుంది. శ్రుతిపెట్టె ఒక్కటే మోగుతుండగా పాట ఎత్తుకుంది. వేదాంత్ వేణువు పెదాల దగ్గరికి తీసుకోబోతే, వద్దని వేలు ఊపింది. పైస్థాయిలో గొంతు కొంచెం బొంగురుపోయింది, అక్కడ ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ వెళ్ళింది. పల్లవి, రెండు చరణాలు, మొత్తం పాడింది. పద్మజ చేతులు ఒళ్ళో పెట్టుకుని, అందరికీ కనపడేలా, కీబోర్డు ముందు ఊరికే కూర్చుంది. లేచి వెళ్ళిపోవడానికి కూడా వీల్లేదు, పాట మధ్యలో ఎలా లేస్తుంది? ఏడేసి నిమిషాల పాటలకి ఆమె ఎన్నోసార్లు వాయించింది. కూర్చోవడం ఇంత కష్టమని తెలియదు.

పాట అయ్యాక హాలు హాలంతా లేచి నిలబడింది. శ్రీవిద్య దణ్ణం పెట్టి, అటువైపు మెట్ల మీదుగా దిగింది. ఇటు తిరిగి చూడలేదు.

శశికాంత్ చప్పట్లు కొడుతూ వచ్చి, పద్మజ కుర్చీ పక్కన వంగాడు. అతని ముఖంలో కల్మషం లేదు. అదే దారుణం.

"చూశారా అక్కా, అన్నమాట నిలబెట్టుకున్నా. ఉగాదికి, స్టేజీ మీద, మైకులో, అందరి ముందూ మీ పేరు చెప్పేశా. వీసా గొడవ ఏమొచ్చినా నేను చూసుకుంటాలెండి. ఇంక మన మధ్య ఏం లేదుగా?"

పద్మజ అతని వైపు చూడలేదు. హాలు పక్క తలుపు దగ్గర శ్రీవిద్య ఆకుపచ్చ చీర మీద కోటు వేసుకుని, గుండీలు పెట్టుకుంటోంది.

"నెక్స్ట్ లేడీస్ గ్రూప్ సాంగ్ అక్కా, ఆరు శ్రుతి" అన్నాడు శశికాంత్. "మీరే కానిచ్చేయండి."